కప్ప ఏడాది

మొన్న మా మనవరాలు ఫోన్లో తట్టి ఒక అట్టపెట్టె తెప్పించుకుంది. విప్పి చూస్తే రంగురంగుల ఊలు ఉండలు, ఒక కొక్కెం సూది, దూది పొట్లం, ఎలా అల్లాలో చూపించే బొమ్మల కాగితాలు. కాలానికో జంతువును అల్లుకోవాలట. ఆకులు రాలే కాలానికి నక్క, పూల కాలానికి కుందేలు, మంచు కాలానికి మెడలో మఫ్లరు చుట్టుకున్న పెంగ్విన్. పిల్ల తిండి కూడా మరిచిపోయి కూర్చుని, పెంగ్విన్‌ను పూర్తి చేసి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఎట్లుండాది అవ్వా?"

"బాగుండాది. అయితే మన పుదుచ్చేరిలో మంచు యాడ పడతాది? ఆ మఫ్లరు తీసేసి చేతికి ఒక విసనకర్ర ఇయ్యి. పాపం, ఉక్కపోతకు చస్తా ఉండాది."

అది పకపకా నవ్వింది. నేనూ నవ్వుతూ పెంగ్విన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాను. అల్లిక ముచ్చటగా ఉంది. కడుపు నొక్కితే మెత్తగా ఉంది. అంతలో నేను అనుకోకుండానే నా నోట్లోంచి ఒక మాట ఊడిపడింది.

"ఇది మనింటికి ఎప్పుడు వచ్చిందే?"

"ఇప్పుడే కదా అవ్వా చేస్తిని?"

"బొమ్మ కాదు. జంతువు. ఇది ఎప్పుడన్నా మన గడప తొక్కిందా అని అడగతా ఉండా."

పిల్ల నన్ను వింతగా చూసింది. చూడదా మరి! ఆ మాట నాది కాదు, మా అవ్వది. ఇన్నేళ్ళుగా నా లోపల ఎక్కడ దాక్కుని ఉందో, పెంగ్విన్‌ను చూసి బయటికి గెంతింది. ఇంక నేను ఆగలేకపోయాను. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను.

ఇప్పుడు మేముండేది కోసపాళయంలో, మా అమ్మాయి ఇంట్లో, మేడ మీద. నేను పుట్టింది మురుంగపాక్కంలో. ఇప్పుడు దానికీ టౌనుకూ నడుమ సందే లేదు. అప్పుడు అది అచ్చంగా పల్లె. మాది ఎన్నో తరాల కిందట తెలుగు దేశం నుంచి వచ్చి అక్కడ నాలుగు మడి చెక్కలు చేసుకుని నిలిచిపోయిన కుటుంబం. బయటికి పోతే తమిళం, గడప లోపల తెలుగు. ఆ తెలుగు కూడా మాటల వరకే. అక్షరం ముక్క ఒక్కరికీ రాదు. నేను పెళ్ళయి నెల్లూరు పోయాక పట్టుబట్టి నేర్చుకున్నాను కాబట్టి ఈ మాత్రం రాయగలుగుతున్నాను.

ఇంటి వెనక కొబ్బరి చెట్లు, వాటి వెనక సముద్రపు పోటు నీళ్ళు ఎక్కే ఏరు. ఏటి ఒడ్డున మా అవ్వకు ఒక గుంట ఉండేది. టెంకాయల మీది డొక్కలన్నీ అందులో వేసి, పైన బురద కప్పి, రాళ్ళు పెట్టేది. నెలల తరబడి ఉప్పునీళ్ళలో నానాక వాటిని తీసి, కొయ్య సుత్తితో బాదితే పొట్టు రాలిపోయి బంగారు రంగు పీచు మిగిలేది. గుంట తెరిచిన రోజు వచ్చే కంపు చెప్పనలవి కాదు. కుళ్ళిన గుడ్డు, చేపల బుట్ట, పాత చెప్పు, అన్నీ కలిపి మరగబెట్టినట్టు ఉండేది. మా అమ్మ ముక్కు మూసుకుని లోపలికి పరుగెత్తేది. నాకు మాత్రం ఆ కంపంటే పండగ వాసన. గుంట తెరిచారంటే కొలువు దగ్గర పడిందని అర్థం.

మా ఇంట్లో నవరాత్రికి బొమ్మల కొలువు పెట్టేవాళ్ళు. అది అందరూ పెడతారు. పై మెట్ల మీద దేవుళ్ళు, మధ్యలో కలశం, పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, కోమటి శెట్టి, ఆయన భార్య. కానీ అన్నిటికంటే కింది మెట్టు మాత్రం మా ఇంటికే సొంతం. అది జంతువుల మెట్టు. ఏడాదికి ఒక్క కొత్త జంతువు. అది కొన్నది కాకూడదు. మా చెట్ల పీచుతో, మా అరటి నారతో, మా చేతులతో చేసింది కావాలి. అన్నిటికంటే ముఖ్యం, అది ఆ ఏడాది మా గడప తొక్కిన జంతువై ఉండాలి.

"జంతువు ఊరికే రాదే. కాలం తోలుకొస్తే వస్తాది" అనేది అవ్వ. "కాలం దాన్ని మనింటికి పంపించిందంటే ఈ ఏడాదికి అది పేరు."

నిజంగానే అది పేరే. మా ఇంట్లో తేదీలు ఎవరికీ గుర్తుండేవి కావు. ఏరు పొంగి నీళ్ళు వంటింట్లోకి వచ్చినప్పుడు పొయ్యి పక్కన ఒక తాబేలు దొరికిందట. అది తాబేలు ఏడాది. నేను పుట్టింది అప్పుడే. తుపానుకు చెట్లన్నీ కూలినప్పుడు పెరట్లో ఒక గూడకొంగ పడి, మూడు పూటలు మా చేపల కూర తిని ఎగిరిపోయింది. అది గూడకొంగ ఏడాది. మా అమ్మ కొత్త పెళ్ళికూతురుగా దిగిన రోజు ఆమె చేతిలోని అరటిపండు కోతి ఎత్తుకుపోయింది. అందుకని అమ్మానాన్నల పెళ్ళి కోతి ఏడాదిలో జరిగినట్టు. ఫలానా అత్త ఎప్పుడు పోయిందంటే "గూడకొంగకు ముందు, తాబేలుకు తర్వాత" అని చెప్పుకునేవాళ్ళు.

అన్నిటిలోకీ గొప్ప బొమ్మ గాడిద. పీచును పలకల మాదిరి కొట్టి, చెవులకు తాటి నార పెట్టి, అవ్వ వయసులో ఉన్నప్పుడు చేసింది. బావులెండిపోయిన ఒక మండువేసవిలో చాకలివాళ్ళ గాడిద మా ముంగిట్లోకి వచ్చి తొట్టిలో నీళ్ళన్నీ తాగేసిందట. ఆ వేసవిలోనే మా చిన్నాయన పుట్టాడు. ఇంక చూడండి, ఆయన గతి! పెళ్ళయి మీసాలు పెంచుకున్నా సరే, కొలువు చూడటానికి వచ్చిన ప్రతి ముసలమ్మా గాడిదను చూపించి "నీ ఏడాది బొమ్మ బాగుండాది అప్పా" అనేది. చిన్నాయన మొహం అప్పుడు నువ్వులు వేస్తే చిటపటలాడేది. ఈ జంతువుల మెట్టు ఎప్పుడు పోతుందా అని ఆయన ఎదురు చూసేవాడు.

ఆయనకు ఆ అదును నా ఎనిమిదో తొమ్మిదో ఏట దొరికింది.

ఆ ముందటేడు వానలు సరిగ్గా లేక మడి బీడు పెట్టారు. ఆ ఏడాది కూడా, మేం లెక్కపెట్టే తమిళ నెలల్లో, ఆడి నెల దుమ్ము తప్ప ఏమీ తేలేదు. ఆవణి ఎండతోనే పోయింది. మా అమ్మ నిండు చూలాలు. పురటాసి, అంటే నవరాత్రి వచ్చే నెల, పుట్టగానే, ఒక మధ్యాహ్నం, ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. అదే సమయానికి అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. బయట ధారగా వాన, లోపల మంత్రసాని కేకలు, వసారాలో నేను గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. పసివాడి ఏడుపు వినిపించింది. వెంటనే ఇంకో అరుపు. ఈసారి మంత్రసానిది. గది మూల నీళ్ళ కాగు పక్కన ఒక పెద్ద పచ్చటి కప్ప కూర్చుని బెకబెకమంటోంది! తమ్ముడు ఏడుపు ఆపి దాని వైపు చెవి పెట్టాడని మంత్రసాని చచ్చేదాకా చెప్పుకుంది.

అవ్వ గడపలోనే నిలబడి చప్పట్లు కొట్టింది. "వచ్చింది చూడండ్రా! ఇది కప్ప ఏడాది!"

అంతవరకు బాగానే ఉంది. కప్ప వచ్చింది గానీ చేసేదెవరు? అవ్వ వేళ్ళు ఆ ఏడాదే కొంకర్లు పోయాయి. అన్నం కలుపుకోవడానికే కష్టపడేది, ఇంక పీచు పురి ఎలా పెడుతుంది? అమ్మ బాలింత. వెల్లుల్లి కారం, కాయం ముద్ద తింటూ సాంబ్రాణి పొగలో పడుకుని ఉంది. చిన్నమ్మకు ఇంటి చాకిరీ అంతా నెత్తిన పడింది. చిన్నాయన మీసం దువ్వుకుంటూ వచ్చాడు.

"చాలు అమ్మా, ఇంక ఈ పీచు బొమ్మలు. కోసపాళయంలో మంచి మట్టి సెట్టు చూసి వచ్చినా. కల్యాణం సెట్టు. మేళగాళ్ళు, పందిరి, అన్నీ ఉండాయి. కింది మెట్టు మీద అది పెడదాం. పాతవి మూటగట్టి అటక మీదికి ఎక్కిస్తాం."

"అట్లయితే ఈ ఏడాదికి పేరు?" అని అవ్వ అడిగింది.

"పేరు లేకుంటే ఏమి? ఊళ్ళో అందరికీ ఉండాయా?"

ఆ మాట వినగానే నేను ఉయ్యాల వైపు చూశాను. తమ్ముడు గుప్పిళ్ళు బిగించి నిద్రపోతున్నాడు. నేను తాబేలు. నాన్న ఏనుగు, ఎందుకంటే ఆయన పుట్టిన ఏడు గుడి ఏనుగు వచ్చి మా చెరకు గడలు నమిలిపోయింది. చిన్నాయన గాడిద అయితే ఏం, ఏదో ఒకటి ఉంది కదా! మరి వీడు? పెద్దయ్యాక "నువ్వు ఏ ఏడాది?" అంటే ఏం చెబుతాడు? ఏ ఏడాదీ లేకుండా ఎలా పుడతాడు? ఆ వయసులో అది నాకు నిజంగా భయంగా ఉండింది. తమ్ముడికి బట్టలు లేవన్నా అంత బాధపడేదాన్ని కాదేమో.

"నేను చేస్తా కప్పను" అన్నాను.

చిన్నాయన నవ్వాడు. అవ్వ నవ్వలేదు. "చేస్తే చెయ్యనీ. అయితే మన ఇంటి కట్టు తెలుసు గదా? కొలువుకు వచ్చినోళ్ళు, మనం చెప్పకుండానే, చూసి దాని పేరు అనాల. ఆయుధ పూజ లోపల ఒక్కరన్నా కప్ప అనాల. అనకపోతే తీసేస్తాం. నీ కల్యాణం సెట్టు పెట్టుకోరా అప్పా" అని తీర్పు చెప్పింది.

ఆ తర్వాత నేను భూమ్మీద లేను. పొద్దున్నే గుంట దగ్గర, మధ్యాహ్నం వసారాలో, ఎప్పుడు చూసినా పీచులోనే. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని నోటితో చెప్పేది, నేను చేతులతో చేసేదాన్ని. పీచును దువ్వి, అరచేతుల మధ్య పురి పెట్టి, తాడును చుట్టలు చుట్టుకుంటూ పోయి, చుట్టకూ చుట్టకూ దబ్బనంతో, అరటి నారతో కుట్టాలి. దబ్బనం ఎన్నిసార్లు వేలిలో దిగిందో! ప్రతిసారీ అవ్వ పసుపు అద్ది "కప్ప కరిచిందా?" అనేది. అరచేతులు ఎర్రగా వాచిపోయాయి. జుట్టు నిండా పొట్టు. ఒంటి నుంచి గుంట కంపు. అమ్మ నన్ను పసివాడి దగ్గరికే రానివ్వలేదు. ఒకసారి దొంగగా పోయి వాడి బుగ్గ ముట్టుకుంటే వాడు వరసపెట్టి తుమ్మాడు, నాకు దెబ్బలు పడ్డాయి.

చివరికి కప్ప అయింది. కుంకుడు గింజలు పెట్టి కళ్ళు కుట్టాను. ఎత్తి పట్టుకుని ఇల్లంతా గెంతాను. చిన్నాయన అటు తిప్పి ఇటు తిప్పి చూసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"నీళ్ళు ఉండాయా లోపల? పచ్చడికి పనికొస్తాదా ఈ టెంకాయ?"

ఇంట్లో అందరూ నవ్వారు. కాకి పిల్ల కాకికి ముద్దు, నాకు మాత్రం అది లోకంలోకెల్లా అందమైన కప్ప. కానీ దానికి రెండు రోగాలు ఉన్న మాట నిజం. ఒకటి, తల బరువై ముందుకు బోర్లా పడేది. రెండు, గోధుమ రంగులో ఉండేది. కప్పంటే పచ్చగా ఉండొద్దూ?

మొదటి రోగానికి మందు సులభంగానే దొరికింది. కడుపులో బరువు వెయ్యాలి. ఇసుక పోస్తే కుట్ల సందుల్లోంచి కారిపోయింది. గులకరాళ్ళు గలగలమన్నాయి. వసారా మూలన ఒక గోనె మూట కనిపించింది, అందులో వడ్లు. నాలుగు పిడికిళ్ళు తీసి కప్ప కడుపులో కూరి, అడుగున కుట్టేశాను. చక్కగా కూర్చుంది. రెండో రోగానికి అవిసాకు నూరి, ఆ పసరులో కప్పను ముంచి తీశాను. కొంచెం పచ్చనైనట్టే అయి, ఆరగానే మళ్ళీ గోధుమ రంగుకు వచ్చింది. రంగుపొడి కొనడానికి అవ్వ ఒప్పుకోదు. సరే, ఆరితేనే కదా పోయేది, ఆరనివ్వకుంటే సరి అనుకున్నాను. రోజూ పొద్దున్నే పసరు నూరి దాని మీద పోసేదాన్ని. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కొలువు పెట్టారు. కింది మెట్టు మీద ఏనుగు, గాడిద, కోతి, తాబేలు, గూడకొంగ, అన్నీ వరసగా. చివర నా కప్ప. దాని వెనకే గోడకు ఆనించి, గుడ్డ కప్పి, కల్యాణం సెట్టు సిద్ధంగా ఉంది.

సాయంత్రాలు పేరంటాళ్ళు వచ్చేవాళ్ళు. పసుపు, కుంకుమ, తాంబూలం, పొట్లాల్లో సుండల్, అంటే గుగ్గిళ్ళు. తాలింపులో కొబ్బరి కోరు, పచ్చిమామిడి ముక్కలు వేసిన శనగల సుండల్ వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. అందులో కొబ్బరి ఏరుకుని తినడం నా పని. ఈసారి మాత్రం తిండి మీద ధ్యాసే లేదు. మెట్టు పక్కన కూర్చుని వచ్చినవాళ్ళ పెదవుల వైపే చూసేదాన్ని.

"పనసకాయా?" అంది ఒకామె.

"ఇంకో తాబేలా?" అంది ఇంకొకామె.

పక్కింటి రెడ్డియార్ భార్య చాలా సేపు చూసి, రెండు చేతులూ జోడించి, "పిళ్ళైయార్! ఎంత బాగుండాడు!" అని లెంపలేసుకుంది. వినాయకుడిని చెయ్యబోతే కోతి అయిందంటారు. నేను కప్పను చెయ్యబోతే వినాయకుడైంది! చిన్నాయన స్తంభం చాటుకు పోయి కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కప్ప! కప్ప!" అని అరవాలనిపించింది. కానీ చెబితే చెల్లదు. నోరు రెండు చేతులతో మూసుకుని కూర్చున్నాను.

ఆ సమయంలో ఇంట్లో ఇంకో రభస కూడా నడుస్తోంది. మంచి వాన పడింది కదా, నారుమడి ఎందుకు పొయ్యలేదని అవ్వ రోజూ చిన్నాయనను అడిగేది. ఆయన దగ్గర ఉన్నవి పాత విత్తనాలు. మడి బీడు పెట్టిన ఏడు వెయ్యకుండా మిగిలిపోయినవి, రెండు ఎండాకాలాలు చూసినవి.

"ఒక పిడికెడు నానేసి చూడరాదా, మొలస్తాయో లేదో?"

"చూస్తా, చూస్తా."

ఆయన చూడడు. మొలవకపోతే మామగారింటికి పోయి విత్తనాలు అడగాలి. ఆ మామగారికీ ఈయనకూ మాటల్లేవు. అందుకని తెలియకుండా ఉంటేనే మేలని, ఎంతైనా గాడిద ఏడాది మొండితనం కదా, వసారా మూలన మూట పెట్టుకుని దాని చుట్టూ తిరుగుతుండేవాడు. నాన్న దేంట్లోనూ కల్పించుకునే మనిషి కాదు.

మళ్ళీ చినుకులు పట్టుకున్నాయి. ఇల్లంతా చెమ్మ. కప్ప మీద కొంచెం బూజులాగా తెల్లగా కనిపిస్తే నాకు భయమేసింది. ఎవరికీ చెప్పకుండా దాని మీద తడిగుడ్డ కప్పి, దాని ముందు ఒక చామంతుల బుట్ట అడ్డం పెట్టాను. ఆ మూడు నాలుగు రోజులు ఎవరికీ అది కనపడలేదు. నాకూ చూసే ధైర్యం లేదు.

ఆయుధ పూజ నాటి పొద్దున. నాగలి, కొడవలి, చాట, కత్తిపీట, అన్నీ కడిగి బొట్లు పెట్టారు. నా దబ్బనానికి కూడా అవ్వ బొట్టు పెట్టింది. చిన్నాయన కల్యాణం సెట్టు మీది గుడ్డ తీసి మేళగాళ్ళను తుడుస్తున్నాడు. రోజూ పూలు తెచ్చే తమిళ అమ్మ వచ్చి, "బుట్ట ఎక్కడమ్మా, ఖాళీ చేసి ఇవ్వండి" అంది. చిన్నమ్మ చెయ్యి ఖాళీ లేక, కొలువు దగ్గర ఉంది తీసుకో అంది. ఆమె వంగి బుట్ట ఎత్తింది, తడిగుడ్డ కూడా దానితోపాటు లేచి వచ్చింది.

"ఐయో! తవళై! తవళై!"

ఆ బుట్ట ఒక వైపు, ఆమె ఒక వైపు. ఒక్క గెంతుకు వసారాలో ఉంది. తవళై అంటే తమిళంలో కప్పే. నేను లేచి చూశాను. మెట్టు చివర, రెండు నల్లటి కళ్ళు మిటకరించుకుని, వీపంతా చిక్కటి లేత పచ్చగా, అప్పుడే చెరువులోంచి ఎక్కి వచ్చినట్టు ఒక కప్ప కూర్చుని ఉంది. పచ్చదనం చుట్ట చుట్టకూ సందుల్లోంచి తన్నుకుని వచ్చింది. రంగు కాదు. మొలకలు! వడ్ల మొలకలు!

"చెప్పింది! చెప్పింది! ఎవరూ చెప్పకుండా చెప్పింది! కప్ప అనింది!" అని నేను ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచాను. తమ్ముడు లేచి ఏడవడం మొదలుపెట్టాడు. వాణ్ణి ఎత్తుకుని అమ్మ, పిండి చేతులతో చిన్నమ్మ, గోడ పట్టుకుంటూ అవ్వ, అందరూ వచ్చేశారు. అవ్వ పచ్చటి వీపు మీద కొంకర్లు పోయిన వేళ్ళు ఆనించి, "ఇన్నేండ్లు చేసినా, నేను చేసిన ఒక్కటన్నా పెరగలేదే!" అంది.

చిన్నాయన మాత్రం గబగబా వసారా మూలకు పోయి మూట మూతి చూసి వచ్చాడు. "ఈ వడ్లు యాడివి పాపా?"

చెయ్యి ఎత్తి మూటను చూపించాను. ఇంక వీపు పగిలిందనుకున్నాను.

ఆయన కప్ప ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వేలితో మొలకలను పాయలు తీసి, దగ్గరగా వంగి చూశాడు. ఒకటి మెల్లగా లాగి, వేరు చూసి, నోట్లో పెట్టుకుని కొరికాడు. తల ఎత్తినప్పుడు ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"అమ్మా, అన్నీ మొలిచినాయి. చెత్త విత్తనం ఒక్కటీ లేదు. అంతా మంచి మొలకే!"

అవ్వ నవ్వింది. "మరి మామగారింటికి పోవా?"

"నేను ఎందుకు పోతా? మూట తియ్యండి, ఈ పొద్దే నానేస్తాం!" అంటూ నన్ను అమాంతం ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకుని, పూజ చేసిన నాగలి చుట్టూ తిరిగాడు. తర్వాత ఎవరూ అడగకుండానే మేళగాళ్ళను, పందిరిని ఎత్తి పై మెట్టు మీద ఒక మూలకు సర్దాడు. తన గాడిదను తీసుకొచ్చి నా కప్ప పక్కన పెట్టి, "ఇద్దరం పక్కపక్కన ఉంటాం" అన్నాడు. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చినంత జనం ఏ ఏడూ రాలేదు. రెడ్డియార్ భార్య మళ్ళీ వచ్చి మళ్ళీ లెంపలేసుకుంది. ఈసారి కప్పకే.

పండగ అయ్యాక బొమ్మలన్నీ పాత ధోవతి గుడ్డల్లో చుట్టి పెట్టెలో పెడతారు. మరి మొలిచిన కప్పను ఎలా చుడతారు? ప్రాణం ఉన్నదాన్ని పెట్టెలో వెయ్యకూడదంది అవ్వ. చిన్నాయన దాన్ని అరటాకు మీద పెట్టి మోసుకుపోయి నారుమడి గట్టు పక్కన దించాడు. నేను రోజూ పోయి చూసేదాన్ని. మొలకలు పెరిగి నారయ్యాయి, పీచు నల్లబడి మెత్తబడి మట్టిలో కలిసిపోయింది. కుంకుడు గింజ కన్ను ఒకటి దొరికితే చాలా రోజులు లంగా కుచ్చెళ్ళలో దాచుకున్నాను. అదీ ఎక్కడో పోయింది.

మరుసటేడు కొలువులో గూడకొంగ తర్వాత అవ్వ ఒక బొమ్మంత జాగా ఖాళీగా వదిలింది. "ఇది కప్ప ఏడాది" అని వచ్చినవాళ్ళందరికీ ఆ ఖాళీని చూపించి కథ చెప్పేది. తమ్ముడికి ఊహ వచ్చాక ఏడుపే ఏడుపు. "అందరికీ జంతువు ఉండాది, నాకు ఉట్టి చెక్కేనా?" అనేవాడు. వాణ్ణి ఒళ్ళో వేసుకుని, ఏడాదికోసారి, వాన దగ్గర మొదలుపెట్టి నాగలి చుట్టూ తిరగడం దాకా చెప్పేదాన్ని. కథ అయ్యేసరికి వాడు ఆ ఖాళీ జాగాను చేత్తో నిమిరేవాడు.

తర్వాత అవ్వ పోయింది. నేను పెళ్ళయి పోయాను. మడులు ఇళ్ళయ్యాయి, ఏటి ఒడ్డున గుంట ఎక్కడుండేదో ఇప్పుడు నేనే గుర్తు పట్టలేను. జంతువులు భాగాల్లో ఒక్కొక్కరింటికి పోయి, చెదలకు, ఎలకలకు ముగిసిపోయాయి. నేను కూడా కొలువు పెట్టాను, కొన్న బొమ్మలతో. చెయ్యొచ్చు కదా అని ఎవరైనా అడిగితే, ఇక్కడ పీచు యాడ దొరుకుతుందనేదాన్ని.

మనవరాలు నోరు తెరుచుకుని అంతా వింది. చివర్న అడిగింది.

"అవ్వా, అయితే నేను ఏ ఏడాది?"

తమ్ముడికి పేరు లేని ఏడాది వద్దని వేళ్ళు చిల్లులు పడేటట్టు కుట్టినదాన్ని, నా బిడ్డకూ దాని బిడ్డకూ ఏ ఏడాదీ ఇవ్వకుండా ఉండిపోయాను.

వంటింట్లోంచి మా అమ్మాయి గొంతు వినిపించింది. "పావురం! ఇది పుట్టినప్పుడు బాల్కనీలో నా బట్టల బుట్టలో పావురం గుడ్లు పెట్టె గదమ్మా! పిల్లలు ఎగిరేదాకా దీని గుడ్డలు ఆరేసేదానికి జాగా లేకుండా ఎంత అవస్థ పడితిమి!"

"పావురమా! నేను పావురం ఏడాదా!" పిల్ల మంచం మీద ఎగిరింది. అచ్చం నేను అరిచినట్టే అరిచింది.

వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను. వాడికిప్పుడు తలంతా నెరిసింది, మోకాళ్ళ నొప్పులు. సంగతి చెప్పీ చెప్పకముందే అందుకున్నాడు. "పావురం తర్వాత, అక్కా. ముందు నా కప్ప. ఎన్నేండ్లు ఉట్టి చెక్కను చూసేది నేను?"

సరేనన్నాను. మా అమ్మాయి వంటకు తెచ్చుకున్న టెంకాయల డొక్కలను పిల్ల బకెట్లో నానేసింది. అది గుంటలో నానిన పీచులాగా రాదు, గట్టిగా పీకి లాగాల్సి వస్తోంది. అయినా నా అరచేతులు పురి మరిచిపోలేదు. పిల్ల తన కొక్కెం సూదితో చుట్టకూ చుట్టకూ అల్లుకుంటూ వచ్చింది. కడుపు దగ్గరికి రాగానే అట్టపెట్టెలోంచి దూది తీసింది. వద్దన్నాను. వడ్లు కావాలన్నాను. ఇంట్లో వడ్లెక్కడివి? సంచిలో బియ్యం ఉన్నాయి. బియ్యం మొలవవు.

పిల్ల వంటింట్లోకి పరుగెత్తింది. డబ్బాల మూతలు ఒక్కొక్కటే తెరుస్తున్న చప్పుడు. పిడికిలి బిగించి వచ్చి నా ముందు తెరిచింది. అరచేతి నిండా పెసలు.

"ఇవి మొలుస్తాయి కదా అవ్వా?"